మఠంలో ఆటల గంట

మామిళ్లవాగు కాన్వెంటు,
6 జూలై 2025, ఆదివారం.

ప్రియమైన ఇన్నమ్మ అత్తకు,

యేసువారికి స్తోత్రం. నీ దీపిక క్షేమం. ఏన్కూరులో వానలు ఎలా ఉన్నాయి? కుట్టుమిషను కొత్త మోటారు బాగా పనిచేస్తోందా? ఇక్కడ వారం నుంచి ముసురు. వాగు పొంగితే పోస్టుమేన్ పోతయ్య రాలేడు కాబట్టి ఈ ఉత్తరం నీకెప్పుడు అందుతుందో చెప్పలేను. నోవిషియేట్ శిక్షణ ఏడాదంతా ఫోను ముట్టుకోకూడదన్న నియమం వల్ల నాకు లాభమే జరిగింది. నా చేతిరాత బాగుపడింది.

మఠంలో రోజంతా జపాలే అనుకుంటావు కదా. ఇక్కడ పూజకు ఎలా గంట కొడతారో ఆటకూ అలాగే కొడతారు. సాయంత్రం ఐదింటికి రిక్రియేషన్. తప్పించుకోవడానికి వీల్లేదు. సిస్టర్లు రోజూ కాసేపు కలిసి నవ్వుకోవాలని మా నియమాల్లోనే ఉంది. పెద్ద సిస్టర్లు క్యారంబోర్డు ముందు కూర్చుని చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు. మేం నోవిసులం మా కాన్వెంటు హాస్టల్ పిల్లలతో వాలీబాల్ ఆడతాం. కాలేజీలో జిల్లా జట్టుకు ఆడినదాన్ని, బంతి చూస్తే ఊరుకోగలనా?

పోయిన మంగళవారం బంతి ఎత్తుగా వచ్చింది. కొడదామని ఎగిరాను. పాదాల దాకా ఉన్న తెల్లగౌను కాళ్లకు చుట్టుకుని నెట్టు కింద బోర్లా పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, గౌను మోకాలి దాకా చిరిగింది. హాస్టల్ పిల్ల జమ్లి పరుగెత్తుకొచ్చి తన చున్నీ నా కాళ్ల మీద కప్పింది. మఠాన్ని నడిపే సిస్టర్ లూర్దమ్మగారు అరుగు మీద నుంచి అంతా చూశారు. "రేపటి సంది నీకు క్యారంబోర్డే" అన్నారు.

మూడు రోజులు క్యారంబోర్డు ఆడి నాకు పిచ్చెక్కింది. నిన్న ఆమె గదికి వెళ్లి, ఈ గౌనుతో ఇక నావల్ల కాదని చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. నా మోచేతి కట్టు వంక చూసి, "సరే, నీకు కుదిరే బట్ట కుట్టించుకో" అన్నారు.

అత్తా, వదులుగా ఒక ప్యాంటు, మోకాళ్లు దాటే టాప్, మోచేతుల దాకా చేతులు, ఒక జత కుట్టి పంపు. నా కొలతలు నీ దగ్గర ఉన్నాయిగా. ఇంకా చాలా రాయాలి కానీ జపమాలకు పిలుస్తున్నారు.

నీ మేనకోడలు,
దీపిక


ఏన్కూరు,
17 జూలై 2025.

బంగారు దీపికా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. మీ అమ్మ పోయాక నిన్ను ఈ చేతులతో పెంచాను. నువ్వు మఠంలో చేరతానన్న నాడు నేను అడ్డం చెప్పలేదు, కానీ రెండు రోజులు అన్నం ముద్ద మింగుడుపడలేదు. అది నీకు తెలియదు. దేవుడి పిలుపు అన్నావు, దేవుడితో నేనేం వాదిస్తాను?

ఇప్పుడు నువ్వే "నావల్ల కాదు" అని రాశావు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. ఎంతమందికి కుదరడం లేదు? ఆ లూర్దమ్మగారు దొడ్డ మనిషి కాబట్టి కోప్పడకుండా ఒప్పుకున్నారు. ఆమెకు నా వందనాలు చెప్పు.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఎప్పుడంటే అప్పుడు మీ బావ నాని వస్తాడు. వాడు పనిచేసే సారపాక మిల్లు నుంచి మీ దగ్గరికి బండి మీద ఎంతసేపు? ఎలాగూ నెలకోసారి నిన్ను చూడటానికి వస్తూనే ఉన్నాడు కదా. నీ గదికి సున్నం వేయిస్తున్నాను. ఇంకా మనసులో ఉన్నవి ఉన్నాయి. అవి ఉత్తరంలో రాసేవి కావు.

ఒక జత కుట్టాను. దీనితోపాటు పార్శిల్ వస్తుంది. ఇన్నాళ్లూ తెల్లబట్టలు కట్టీ కట్టీ నీకు విసుగొచ్చి ఉంటుంది, అందుకని రంగు నేనే ఎంచాను.

నీ అత్త,
ఇన్నమ్మ


మామిళ్లవాగు,
3 ఆగస్టు 2025, ఆదివారం.

అత్తకు ప్రేమతో,

నీ పార్శిల్ నిన్న సరిగ్గా ఆటల గంటకే వచ్చింది. మాకు ఏది వచ్చినా అందరి ముందూ విప్పాలి. క్యారం బిళ్లలు పక్కకు నెట్టి, బోర్డు మీదే పెట్టి విప్పాను. రాణీ రంగు. మెడ చుట్టూ చెమ్కీలు. చేతులకు జరీ అంచు. అందరూ బోర్డు చుట్టూ మూగారు. తరువాత అందరికన్నా పెద్దావిడ, ఎనభై దాటిన సిస్టర్ రాయమ్మగారు, "ఎవరి పెళ్లే?" అన్నారు. ఇక చూడు, నవ్వి నవ్వి కుర్చీల్లో నుంచి జారిపోయారు. వంటగదిలో నుంచి ఆదెమ్మ గరిటతో సహా వచ్చి నిలబడింది. లూర్దమ్మగారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు.

కానీ అత్తా, నీ కుట్టు మాత్రం అందరికీ నచ్చింది. వేసుకుని చూపించమన్నారు. వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచాను, వంగాను, ఎగిరాను. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు. లూర్దమ్మగారు చుట్టూ తిరిగి చూసి, "రంగే జర ఎక్కువైంది. కొలత మంచిగున్నది. అందరికీ గిదే కొలతల కుట్టమను" అన్నారు.

కాబట్టి మా అందరికీ కావాలి. బూడిద రంగులో. రాయమ్మగారు తనకూ ఒకటి కావాలని పట్టుబట్టారు. లూర్దమ్మగారు భద్రాచలంలో చందూలాల్ కొట్టు నుంచి బట్ట తాను నేరుగా నీ దగ్గరికి పంపిస్తామన్నారు. కొలతలు వేరే కాగితంలో రాసి పెట్టాను.

బావ సంగతి రాశావు. ఎప్పుడొచ్చినా మంచిదే, కానీ అక్టోబరు మొదటివారం దాకా నాకు తీరిక లేదు. గదికి సున్నం దేనికి, చుట్టాలెవరైనా వస్తున్నారా? నీ మనసులో ఉన్నవేమిటో రాయలేదు. మోటారు సంగతీ రాయలేదు.

నీ దీపిక


ఏన్కూరు,
14 ఆగస్టు 2025.

దీపికా,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేసి కూర్చున్నాను. అందరికీ ఏమిటమ్మా? మీరందరూ వచ్చేస్తున్నారా? మఠం ఎత్తేస్తున్నారా? ఎనభై ఏళ్ల రాయమ్మగారు ఈ వయసులో బయటికొచ్చి ఎక్కడ ఉంటారు, ఎవరు చూస్తారు? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాన్వెంటు ఆఫీసుకు ఫోను చేయిస్తే సిగ్నల్ లేదని ఒకటే పాట.

ఆదివారం పూజ అయ్యాక మన చర్చి ఫాదర్‌గారిని పట్టుకుని అడిగాను. "మామిళ్లవాగు సిస్టర్లంతా మఠం విడిచిపెడుతున్నరంట గదా ఫాదర్" అన్నాను. ఆయన చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి, "ఎవరు చెప్పిండ్రు?" అన్నారు. "మా మేనకోడలు రాసింది, అందరికీ చుడీదార్లు కుట్టమని." ఆయన నావంక ఒక రకంగా చూసి, "ఇన్నమ్మా, ఆ ఉత్తరం మళ్లొకసారి నిదానంగ చదువు" అన్నారు. చదివాను. నాకేమీ తోచలేదు.

ఇక దాచేదేముంది, రాసేస్తున్నాను. నువ్వు వచ్చేస్తే నానికి నిన్ను చేసుకోవాలని నా కోరిక. నువ్వు లంగాలు కట్టుకునే వయసు నుంచీ ఉన్న కోరిక. నిన్న వాడికి చెప్పాను. తింటున్న పళ్లెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఏందిరా, సంతోషం లేదా?" అంటే, "తలనొప్పిగున్నది" అన్నాడు. మగపిల్లలకు సిగ్గు ఉండదనుకుంటాం కానీ ఉంటుంది.

చందూలాల్ కొట్టు బట్ట వచ్చింది. అలాగే పెట్టి ఉంచాను. సంగతేమిటో తేటతెల్లంగా రాయి.

అత్త


మామిళ్లవాగు,
24 ఆగస్టు 2025, ఆదివారం.

అత్తా,

తప్పు నాదే. జపమాలకు టైమైందని సగం సగం రాశాను. నువ్వు రాసిందీ గౌను సంగతేననుకుని సరిగ్గా చదవలేదు. నీ ఉత్తరం లూర్దమ్మగారికి చూపించలేదు. చాపెల్‌లో ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను. మొదట నవ్వొచ్చింది, చివరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది.

నేను మఠం విడిచి రావడం లేదు. ఎవరూ రావడం లేదు. ఆ బట్టలు ఆటకు, ఒక్క ఆటకే.

ఆ రోజు లూర్దమ్మగారు నాతో అన్నదంతా ఇప్పుడు రాస్తాను. నేను పడ్డ మర్నాటి నుంచి జమ్లి, గోరి, ఇంకా పెద్దపిల్లలు కొందరు ఆడటం మానేశారు. ఎందుకని అడిగితే, "నువ్వే పడ్డవు గదక్కా. మాకు గూడ లంగా అడ్డమొస్తది. అందరు చూస్తరు" అన్నారు. ఆ మాట లూర్దమ్మగారి చెవిన పడింది. నేను గదికి వెళ్లి గౌను సంగతి చెప్పినప్పుడు ఆమె, "మర్యాదైన బట్టంటే కాళ్లకు అడ్డం పడేది కాదు బిడ్డా. ఆడేటప్పుడు నీకు, చూసేటోళ్లకు దాని మీదికి ధ్యాస పోవద్దు. గట్లాంటి బట్ట ఉంటదా?" అని అడిగారు. ఉంటుంది, మా అత్త కుడుతుంది అన్నాను.

వాగవతల ఫ్రాన్సిస్కన్ మఠం ఉంది. అక్కడి బ్రదర్లు రోజూ వాలీబాల్ ఆడతారు. వాళ్ల పునీత ఫ్రాన్సిస్ పండుగ అక్టోబరు నాలుగున. ఆ రోజు మా జట్టుకూ వాళ్లకూ పోటీ పెట్టారు. అందుకే అక్టోబరు దాకా తీరిక లేదన్నాను.

అత్తా, నువ్వు రెండు రోజులు తినలేదని నాకు తెలియదు. తెలిసినా ఇక్కడికే వచ్చేదాన్ని, కానీ నిన్ను పట్టుకుని ఏడ్చి వచ్చేదాన్ని. ఇక్కడ నాకు లోటు ఉందనుకోకు. పొద్దున చీకటితో లేచి ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఎంత సంతోషంగా ఉంటానో, సాయంత్రం బంతి చేతికి తగిలినప్పుడూ అంతే. ఆ రెండూ ఒకటేనని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. గౌను నావల్ల కాదన్నానే గానీ ఈ బతుకు కాదు.

బావ గురించి నేను చెప్పాల్సిన మాట కాదు. నన్ను చూడటానికి నెలనెలా వస్తున్నాడని రాశావు. ఎవరిని చూడటానికి వస్తున్నాడో వాడినే అడుగు. కోప్పడకుండా అడుగు.

నీ దీపిక


ఏన్కూరు,
10 సెప్టెంబరు 2025.

దీపికకు,

అడిగాను.

"అమ్మా, నేను కాన్వెంటుకు పోయేది దీపిక కోసం కాదు. పుష్పలత కోసం."

"ఏ పుష్పలత?"

"ఆ హాస్టల్లనే చదువుకున్నది. ఇప్పుడు మణుగూరుల నర్సు. సెలవు దొరికితే పిల్లలను చూడనీకి వస్తది. కోయోళ్ల పిల్ల."

"ఇన్నొద్దులు నాకు ఎందుకు చెప్పలె?"

"నువ్వు దీపిక మీద ఆశ పెట్టుకొని కూసున్నవు. ఎట్ల చెప్పాలె?"

అంతే మాట్లాడుకున్నాం. వాడు సారపాక వెళ్లిపోయాడు. నేను కొన్నాళ్లు దుకాణం తెరవలేదు. కోడలవుతుందనుకున్న నువ్వు రావు. వచ్చేదేమో ముక్కూ మొహం తెలియని పిల్ల. మన మతం కాదు, మన వాళ్లు కాదు. బంధువులకు ఏం చెప్పాలి? నీ మీదా కోపం వచ్చింది. నీకు ముందే తెలుసు కదా.

తరువాత ఒకనాడు బట్ట తాను కనపడింది. కొలతల కాగితం చూశాను. రాయమ్మగారి కొలత దగ్గర ఎవరో "నడుం దగ్గర కొంచెం వదులు, భోజనం ఎక్కువ" అని రాశారు. నవ్వొచ్చింది. కోపంలో ఉన్నదాన్ని నవ్వకూడదని ఊరుకున్నాను, కానీ కత్తెర పట్టుకున్నాను.

అన్నీ పూర్తయ్యాయి. చంక దగ్గర గుడ్డ ఎక్కువ వదిలాను, చెయ్యి పైకెత్తినప్పుడు టాప్ లేవదు. మిగిలిన బట్టతో హాస్టల్ పిల్లలకూ వచ్చినన్ని కుట్టాను. నాని చేత పంపిస్తున్నాను. పండుగకు వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను.

ఇన్నమ్మ


మామిళ్లవాగు,
21 సెప్టెంబరు 2025, ఆదివారం.

అత్తా,

బట్టలు అందాయి. అందరికీ సరిపోయాయి. నిన్న జమ్లి, గోరి మళ్లీ కోర్టులోకి వచ్చారు. గోరి సర్వీసు కొడితే ఆదెమ్మ ఆరేసిన గిన్నెలు ఎగిరిపడ్డాయి.

లూర్దమ్మగారు వాగవతలికి కబురు పంపారు: "మా వాళ్లు నిండా కట్టుకుని ఆడుతరు. మీ బ్రదర్లు బనియన్ల మీద, లుంగీ ఎగ్గట్టి వస్తే ఒప్పుకోను. మర్యాద ఆడోళ్లకు ఒక్కళ్లకేనా?" అక్కడి పెద్ద ఫాదర్ బాలశౌరిగారు వెంటనే ఒప్పుకున్నారట. బ్రదర్లు మాత్రం ప్యాంట్లు వేసుకుని ప్రాక్టీసు చేస్తూ చెమటలు కక్కుతున్నారని పోతయ్య చెప్పాడు.

నాకు ముందే తెలుసు, నిజమే. బావ తనే చెబుతానన్నాడు కాబట్టి ఊరుకున్నాను. నీ కోపం న్యాయమైనదే. నాలుగో తారీఖున వచ్చి, ఆట చూసి, ఆ తరువాత కూడా కోపం ఉంటే నన్ను తిట్టు. నీ ఎదుట ఆడి ఎన్నేళ్లయిందో.

దీపిక


ఏన్కూరు,
13 అక్టోబరు 2025.

నా తల్లికి,

ఆ రోజు జనంలో నీతో నిదానంగా మాట్లాడటం కుదరలేదు. నువ్వు గీత లోపల ఉన్నావు, గీత బయట ఏం జరిగిందో నీకు తెలియదు. అది రాస్తున్నాను.

నన్ను ముందు వరుసలో ఫాదర్ బాలశౌరిగారి పక్కన కూర్చోబెట్టారు. ముదురు గోధుమరంగు అంగీ, నడుముకు తాడు, పండు గడ్డం. "చూస్తున్నవా అమ్మా, మా పోరగాళ్లకు ప్యాంట్లు తొడిగిపిచ్చిన. ఒక్కొక్కడు పెండ్లికొడుకు లెక్క నడుస్తుండు" అన్నారు. నా రెండో పక్కన మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆకుపచ్చ చీర కట్టుకున్న పిల్ల కూర్చుంది. నువ్వు బంతి కొట్టిన ప్రతిసారీ ఆ పిల్ల అరిచిన అరుపుకు నా చెవులు గింగిర్లెత్తాయి.

"మీ పిల్ల ఎవరమ్మా?" అని నన్ను అడిగింది.

"అగో, ఆ ఎగురుతున్నది."

"దీపిక సిస్టరా? అయితే మీరు..." అని ఆగిపోయింది. మొహం కందిపోయింది. పెట్టె పట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు నాకూ తెలిసింది ఎవరో. ఏన్కూరు నుంచి దారి పొడుగునా ఆ పిల్లతో ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చాను. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"కూసో బిడ్డా, ఆట అయిపోలే" అన్నాను.

కూర్చుంది. కొంచెం ఎడంగా. ఇంతలో ఆ పొడుగాటి బ్రదర్ కొత్త ప్యాంటు తట్టుకుని పడ్డాడు కదా, పరుగెత్తింది. గాయం కడిగి కట్టు కట్టి, అతన్ని నవ్వించి మరీ వచ్చింది. ఈసారి నేనే పక్కకు జరిగి చోటిచ్చాను.

రెండో ఆట చివర్లో నువ్వు ఎగిరి కొట్టిన దెబ్బ ఉంది చూడు, అది నేలకు తగిలాక కూడా బ్రదర్లు చేతులు చాపుకుని అలాగే నిలబడ్డారు. నేను, పుష్పలత ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని లేచి అరిచాం. ఫాదర్‌గారు కూడా అరిచారు, తరువాత ఆ ఆట ఓడిపోయింది తమవాళ్లని గుర్తొచ్చి గడ్డం సవరించుకున్నారు. దారిలో ఇంటికి వచ్చేటప్పుడు ఒక సంగతి తట్టింది. కుట్టింది నేనే అయినా, ఆటంతా అయ్యేవరకు నీ బట్ట మీదికి నా చూపు ఒక్కసారీ పోలేదు. ఎగురుతున్న నిన్నే చూశాను. నా ఇంట్లో ఉన్నప్పుడు కూడా నువ్వు అంత సంతోషంగా ఉండగా చూడలేదమ్మా. నీ గది సున్నం గురించి ఇక బాధ లేదు.

నిన్న ఆదివారం నాని, నేను పుష్పలత వాళ్ల ఊరు వెళ్లాం. వాళ్ల నాన్న దూలయ్యగారు మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఆయన తక్కువ మాట్లాడతారు. నేను ఎక్కువ మాట్లాడతాను కాబట్టి సరిపోయింది. పెళ్లి ఏ పద్ధతిలో చేయాలో రెండు ఇళ్లవాళ్లం ఇంకా తేల్చుకోలేదు. మిరప కోతలయ్యాక అన్నది మాత్రం తేలింది. బంధువులు ఏమంటారో అననీ.

నీ అత్త,
ఇన్నమ్మ


మామిళ్లవాగు,
19 అక్టోబరు 2025, ఆదివారం.

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం ఈసారి అందరి ముందూ చదివాను. పెళ్లి అనగానే రాయమ్మగారు ఆ రాణీ రంగు టాప్ తీసుకొచ్చి, "ఇది పెండ్లికూతురుకు పంపు" అన్నారు. పుష్పలతకు ఇచ్చేశాను, అభ్యంతరం లేదుగా?

మూడో ఆటలో ఓడి పోటీ చేజారిందని మా పిల్లలు రెండు రోజులు మొహాలు వేలాడేశారు. మూడో రోజు వాగవతల నుంచి బ్రదర్లు బంతి ఒకటి కానుకగా పంపి, క్రిస్మస్ ముందు మళ్లీ ఆడదామన్నారు. ప్యాంట్లు తప్పవా అని అడిగారట. తప్పవని లూర్దమ్మగారు చెప్పారు.

నిన్నటి సంగతి రాసి ముగిస్తాను. ఐదింటికి గంట కొట్టారు. అందరం కోర్టులోకి వచ్చాం. క్యారంబోర్డు దగ్గర ఎవరూ లేరు. కాసేపటికి లూర్దమ్మగారు మెట్లు దిగి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తల మీద ముసుగు ఎప్పటిలాగే ఉంది, కింద నువ్వు కుట్టిన బూడిద రంగు జత. మడతలు కూడా విడని కొత్త జత. నేరుగా వెనక గీత దగ్గరికి వెళ్లి, గోరి చేతిలో నుంచి బంతి తీసుకున్నారు. "ఎట్ల కొట్టాలె?" అన్నారు. గోరి చూపించింది. మొదటిది నెట్టు దాకా పోలేదు. రెండోది పక్కనున్న బొప్పాయి చెట్టుకు తగిలింది. మేం ఎవరం నవ్వలేదు. మూడోది నెట్టు అంచును రాసుకుంటూ అవతల పడింది. ఆమె ఒక్క క్షణం నమ్మలేనట్టు దాని వంక చూశారు. తరువాత రెండు చేతులూ పైకెత్తి, అక్కడికక్కడే ఎగిరారు.

నీ మేనకోడలు,
దీపిక